ఇంగ్లిష్‌లో మెచ్చుకోవడం, ధైర్యం చెప్పడం ఎలా నేర్చుకోవాలి?

“గుడ్ జాబ్, వెరీ గుడ్, సూపర్... ఈ మూడు తప్ప నాలుగోది నోటికి రావట్లేదండీ, ఏం చేయమంటారు?” ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ఒకేసారి వివరంగా రాస్తున్నాను. అడిగేవాళ్లలో ఇంగ్లిష్ అసలు రానివాళ్లు తక్కువ. మెయిల్ రాయమంటే రాస్తారు, స్టేటస్ కాల్‌లో అప్‌డేట్ ఇస్తారు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకోగలరు. కానీ పక్క సీటు అమ్మాయి వారం నుంచి కుస్తీ పడుతున్న పని పూర్తి చేసి తలెత్తి చూసినప్పుడో, పిల్లాడు గోల్ మిస్సయి తల వేలాడేసుకుని గ్రౌండ్ నుంచి వస్తున్నప్పుడో ఒక్క మాట అనాలంటే గొంతులోనే ఆగిపోతుంది. తెలుగులో అయితే “ఇరగదీశావ్ పో” అనో, “ఏం కాదులే, ఈసారి చూద్దాం” అనో ఆలోచించకుండానే వచ్చేస్తుంది. ఆ సులువు ఇంగ్లిష్‌లో తెచ్చుకోవడం ఎలాగో చూద్దాం.

ముందే చెప్తున్నా, నెట్‌లో “మెచ్చుకోవడానికి వంద వాక్యాలు” లాంటి జాబితాలు బోలెడు దొరుకుతాయి, వాటిని బట్టీ పట్టకండి. జోన్ మేన్స్, నెస్సా వుల్ఫ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో జనం మామూలు మాటల్లో వాడిన పొగడ్తలు దాదాపు 700 పోగేసి 1981లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 85 శాతం మూడే మూడు వాక్యాల తీరుల్లో ఇమిడిపోయాయి. విశేషణాలు వాడిన చోట మూడింట రెండొంతులు నైస్, గుడ్, బ్యూటిఫుల్, ప్రెటీ, గ్రేట్ అనే ఐదే. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లే ఇంత కొంచెంతో నెట్టుకొస్తుంటే మనకి వంద వాక్యాలు దేనికి? ఉన్న మాటల్నే ఎవరితో, ఎప్పుడు, దేని గురించి అనాలో పట్టుకుంటే చాలు.

కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్. ఫోన్‌లో నోట్స్ అయినా ఫర్వాలేదు గానీ చేత్తో రాస్తే బాగా గుర్తుంటుంది.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్. ఇది లేకుండా మొదలుపెట్టకండి, ఎందుకో ఆరో స్టెప్‌లో చెప్తాను.
- నిజంగా మీరు రోజూ చూసే ముగ్గురు మనుషులు. ఊహల్లో ఉన్నవాళ్లు పనికిరారు.
- రోజుకి పది నిమిషాలు.
- వీలైతే యూగ్లిష్ అనే సైట్. అందులో “కీప్ ఇట్ అప్” అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే యూట్యూబ్ వీడియోల్లో జనం ఆ మాట అన్న చోట్లు వరసగా వినిపిస్తుంది. అమెరికా యాస, బ్రిటన్ యాస విడివిడిగా ఎంచుకోవచ్చు.

1. ముగ్గురి పేర్లు రాసుకోండి

ఆఫీసులో ఒకరు, ఇంట్లో ఒకరు, మీకంటే పైవాళ్లు ఒకరు. ఒక్కొక్కరి పేరు కింద ఈ వారంలో వాళ్లు చేసిన ఒక మంచి పని తెలుగులోనే రాయండి. “క్లయింట్ కోప్పడినా గొంతు పెంచకుండా సమాధానం చెప్పాడు”, “అన్నం తిననని మారాం చేసే పాప ఇవాళ తనంతట తానే తినేసింది”. ఇలా. ఇక్కడ ఇంగ్లిష్ గురించి అసలు ఆలోచించొద్దు. చాలామందికి అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది, మాటలు రాక ఆగిపోతున్నాం అనుకుంటారు, నిజానికి ఏం మెచ్చుకోవాలో గమనించలేదు కాబట్టి ఆగిపోతున్నారు. ఏ పనీ తట్టకపోతే ఆ పేరు కొట్టేసి ఇంకొకరిని పెట్టుకోండి, బలవంతంగా పొగిడితే అవతలివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

2. మూడు ప్యాటర్న్‌లు నోటికి అలవాటు చేయండి

పైన చెప్పిన 85 శాతం ఇవే.

మొదటిది: వస్తువో పనో, తర్వాత “ఈజ్, వాజ్, లుక్స్”, తర్వాత మెచ్చుకోలు మాట. “యువర్ స్లైడ్స్ లుక్ రియల్లీ నైస్.” “ద బిర్యానీ వాజ్ రియల్లీ గుడ్.”

రెండోది: “ఐ రియల్లీ లైక్” లేదా “ఐ లవ్”, తర్వాత నచ్చిన సంగతి. “ఐ రియల్లీ లైక్ ద వే యూ ఎక్స్‌ప్లెయిన్డ్ దట్.” ఈ “ద వే యూ” అన్నది పట్టుకోండి, దాని వెనకాల ఏ పనైనా తగిలించొచ్చు. ద వే యూ హ్యాండిల్డ్ ఇట్, ద వే యూ స్పోక్ టు హర్, ద వే యూ ఆర్గనైజ్డ్ ద ఫైల్స్. నన్నడిగితే మూడింటిలో ఇదొక్కటి వచ్చినా సగం పని అయిపోయినట్టే.

మూడోది: “దట్స్ ఎ” లేదా “దట్ వాజ్ ఎ”, తర్వాత విశేషణం, తర్వాత పేరు. “దట్స్ ఎ గ్రేట్ ఐడియా.” “దట్ వాజ్ ఎ లవ్లీ స్పీచ్.”

మొదటి స్టెప్‌లో తెలుగులో రాసుకున్న మూడు పనుల్నీ ఈ మూడు ప్యాటర్న్‌లలో పెట్టి చూడండి. అంటే తొమ్మిది వాక్యాలు. అన్నీ కుదరవు, కుదిరినవే ఉంచుకోండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు వాక్యం మొత్తం పడేయొద్దు, ఏదైనా ఒక్క మాటకి ఇంగ్లిష్ తెలియకపోతే ఆ మాట వరకే వెతకండి.

3. ఏది నచ్చిందో ఆ పేరు చెప్పండి

“గుడ్ జాబ్” తప్పేం కాదు. దాని తర్వాత ఇంకో వాక్యం లేకపోవడమే లోటు. “గుడ్ జాబ్. ద ఎర్రర్ మెసేజెస్ ఆర్ సో మచ్ క్లియరర్ నౌ.” ఈ రెండో వాక్యం విన్నాక అవతలి మనిషికి మీరు నిజంగా చూశారని అర్థమవుతుంది.

పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవాడివని పొగిడించుకున్న ఐదో తరగతి పిల్లలు ఆ తర్వాత కష్టమైన పజిల్స్ రాకపోయేసరికి త్వరగా చేతులెత్తేశారు, కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదల్లేదు. థియరీ ఇంతటితో చాలు. ఆచరణలో ఏమిటంటే “యూ ఆర్ సో స్మార్ట్” అనబోయే చోట “యూ రియల్లీ స్టక్ విత్ ఇట్” అనండి, వదలకుండా పట్టుకున్నావని. లేదా “యూ ట్రైడ్ త్రీ డిఫరెంట్ వేస్!” అని చూసింది చూసినట్టు చెప్పండి. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకి ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక చాలామంది టీచర్లకి ఇది రోజువారీ అవసరం అయింది. నోట్‌బుక్‌లో ప్రతి పేజీ కింద ఎర్ర ఇంకుతో “గుడ్” అని రాస్తే పిల్లలు రెండోరోజు నుంచి చూడటమే మానేస్తారు. “యువర్ మార్జిన్స్ ఆర్ నీట్ టుడే” అని ఒక్కసారి రాసి చూడండి, మర్నాడు మార్జిన్ గీయడానికి స్కేలు వెతుక్కుంటారు.

4. సందర్భాన్ని నాలుగుగా విడగొట్టండి

నోట్‌బుక్‌లో ఒక పేజీని నాలుగు గడులు చేయండి. ఒక్కో గడిలో మూడుకి మించి రాయొద్దు.

పని మొదలుపెట్టే ముందు: “గో ఫర్ ఇట్”, కానివ్వు అని. “గివ్ ఇట్ ఎ ట్రై”, ఒకసారి చేసి చూడు అని. “యూవ్ గాట్ దిస్”, నీ వల్ల అవుతుంది అని. పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్లేవాళ్లకి మనం “ఆల్ ద బెస్ట్” అంటాం, మన దేశంలో అది చక్కగా చెల్లుతుంది, అమెరికాలో అయితే “గుడ్ లక్” ఎక్కువ వినిపిస్తుంది, అక్కడ “ఆల్ ద బెస్ట్” అంటే ఉత్తరం చివర్లో వీడ్కోలు చెప్తున్నట్టు అనిపించొచ్చు. ఇంకోటి, స్టేజీ ఎక్కేవాళ్లతో “బ్రేక్ ఎ లెగ్” అంటారు, మీ అమ్మాయి కూచిపూడి రంగప్రవేశానికి వచ్చిన అమెరికన్ ఫ్రెండ్ ఎవరైనా ఆ మాట అంటే కంగారు పడకండి, దీవెనే. మీరు మాత్రం దాన్ని ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్ల దగ్గర వాడకుండా ఉంటే మంచిది.

పని మధ్యలో: “కీప్ గోయింగ్”, “ఆల్మోస్ట్ దేర్”, “యూ ఆర్ గెటింగ్ దేర్”. ఈ మూడోది పని ఇంకా సరిగ్గా రాకపోయినా దారిలోనే ఉన్నావని చెప్పే మాట, కారు నేర్చుకుంటున్న తమ్ముడికో, తెలుగు రాయడం నేర్చుకుంటున్న మనవరాలికో సరిగ్గా సరిపోతుంది. “దట్స్ ఇట్!” కూడా ఉంది, ఉత్సాహంగా అంటే “అద్దీ, అలాగే!” అని. నీరసంగా అంటే “అంతేనా?” అయిపోతుంది, కాబట్టి గొంతు మీద పట్టు వచ్చేదాకా దీన్ని పక్కన పెట్టండి.

పని అయ్యాక: “వెల్ డన్”, “నైస్ వర్క్”, “యూ నెయిల్డ్ ఇట్”. చివరిది మన “అదరగొట్టావ్”కి దగ్గర, సాటివాళ్లతో, ఫ్రెండ్స్‌తో బాగుంటుంది. బాగా దగ్గరివాళ్లయితే “ఐ నో హౌ హార్డ్ యూ వర్క్డ్ ఫర్ దిస్” అనండి, నువ్వు దీనికోసం ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు అని. దీని ముందు మిగతావన్నీ చిన్నవే.

పని చెడ్డాక: అందరూ తడబడేది ఈ నాలుగో గడిలోనే. “బెటర్ లక్ నెక్స్ట్ టైమ్” అని అలవాటుగా వచ్చేస్తుంది, స్క్రాచ్ కార్డు గీకితే కనిపించే మాట అది, మనసు విరిగిన మనిషికి చెప్పేది కాదు. “డోంట్ ఫీల్ బ్యాడ్” కూడా వద్దు, బాధపడుతున్నవాళ్లని బాధపడొద్దనడం తెలుగులోనూ పనిచేయదు. “ఎట్ లీస్ట్ యూ ట్రైడ్” మరీ ఘోరం, జాలిపడుతున్నట్టు ఉంటుంది. వీటి బదులు ముందు కష్టాన్ని ఒప్పుకోండి: “దట్ వాజ్ ఎ టఫ్ వన్.” తర్వాత కాసేపు ఊరుకోండి. నిజంగా ఊరుకోండి, ఆ ఖాళీ నింపాలని తొందరపడొద్దు. వాళ్లు మాట్లాడాక “హ్యాంగ్ ఇన్ దేర్” అనో, “ఐయామ్ హియర్ ఇఫ్ యూ నీడ్ ఎనీథింగ్” అనో చెప్పండి. “హ్యాంగ్ ఇన్ దేర్” అంటే కొంచెం ఓర్చుకో, నిలబడు అని. దీన్ని “హ్యాంగ్ ఆన్”తో కలిపేయకండి, అది “ఒక్క నిమిషం ఆగు”. ఉద్యోగం పోయిన మనిషితో “హ్యాంగ్ ఆన్” అంటే వాళ్లు దేనికోసమో ఎదురుచూస్తూ నిలబడతారు.

5. హోదా చూసి మాట మార్చండి

మనం పెద్దవాళ్లని “శభాష్” అనం కదా, భుజం తట్టే మాట అది, పైనుంచి కిందికే వెళ్తుంది. ఇంగ్లిష్‌లో “వెల్ డన్”, “కీప్ ఇట్ అప్”, “ఐయామ్ ప్రౌడ్ ఆఫ్ యూ” కూడా చాలావరకు అలాంటివే. మేనేజర్ ప్రెజెంటేషన్ ఇచ్చాక “సార్, యూ డిడ్ గుడ్ జాబ్, కీప్ ఇట్ అప్” అన్నారంటే మీరే ఆయనకి అప్రైజల్ ఇచ్చినట్టు ఉంటుంది. ఆయన నవ్వి ఊరుకోవచ్చు, కానీ వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

పైవాళ్లని మెచ్చుకోవాలంటే వాళ్ల పనికి మార్కులు వేయకుండా ఆ పని వల్ల మీకు ఏం మేలు జరిగిందో చెప్పండి. “దట్ వాజ్ రియల్లీ హెల్ప్‌ఫుల్.” “ఐ లర్న్డ్ ఎ లాట్ ఫ్రమ్ దట్.” “ఐ రియల్లీ లైక్డ్ ద వే యూ ఆన్సర్డ్ దట్ లాస్ట్ క్వశ్చన్.” ఇవి అత్తగారి నుంచి డైరెక్టర్ దాకా ఎవరితోనైనా అనొచ్చు, మునగచెట్టు ఎక్కిస్తున్నట్టు కూడా ఉండదు.

కిందివాళ్ల దగ్గర వేరే ప్రమాదం ఉంది. “వెల్ డన్” అనేసి వెంటనే “బట్” తగిలించడం. “యువర్ రిపోర్ట్ ఈజ్ గుడ్, బట్...” అన్నాక మొదటి సగం ఎవరికీ గుర్తుండదు, వాళ్ల చెవులు “బట్” దగ్గరే ఆగిపోతాయి. మెచ్చుకోలు పూర్తి చేసి ఫుల్‌స్టాప్ పెట్టండి. దిద్దాల్సింది ఉంటే కాసేపాగి “ఫర్ ద నెక్స్ట్ వన్” అని మొదలుపెట్టి చెప్పండి.

6. గొంతు రికార్డు చేసుకోండి

రాసుకున్న వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేసి అరగంట తర్వాత వినండి, వెంటనే వద్దు. మూడు సంగతులు చూడండి.

ఒకటి, స్వరం. “గ్రేట్ జాబ్” అని చదునుగా, పేపరు చదివినట్టు అంటే ఇంగ్లిష్ చెవికి వెటకారంలా వినిపిస్తుంది. “గుడ్ ఫర్ యూ” అయితే మరీను, ఉత్సాహంగా అంటే సంతోషం, పొడిగా అంటే ఎత్తిపొడుపు. మాట పైస్థాయిలో మొదలై కిందికి దిగాలి, ప్రశ్నలా చివర్లో లేవకూడదు.

రెండు, ఒత్తు. “యూ కెన్ డూ ఇట్”లో మామూలుగా “డూ” మీద బరువు పడాలి. “కెన్” మీద నొక్కితే “నీ వల్ల కాదని ఎవరన్నారు, అవుతుంది” అన్నట్టు వస్తుంది. ఎవరూ ఏమీ అనని చోట అలా అంటే ఎదుటివాళ్లకి లేని అనుమానం పుడుతుంది. “కంగ్రాచులేషన్స్”లో “లే” మీద, చివర “స్” మింగకుండా.

మూడు, మాటలు కలపడం. “కీప్ ఇట్ అప్” మూడు ముక్కలుగా పలకొద్దు, “కీపిటప్”. “ప్రౌడ్ ఆఫ్ యూ”లో “ఆఫ్” అని గట్టిగా పలుకుతాం మనం, అక్కడ వినిపించాల్సింది “అవ్”. “వెల్ డన్”కి పెదాలు గుండ్రంగా చుట్టండి, పై పళ్లు కింది పెదవికి తగలకూడదు. ఇక మాట చివర అచ్చు చేర్చే అలవాటు మనలో కొందరికి ఉంది, “గుడ్డు జాబు” అనేస్తారు. దానికి విరుగుడు, ఆఖరి హల్లు దగ్గర నోరు మూసేయడమే.

రికార్డింగ్ వినడం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. సిగ్గు అనిపిస్తే యూగ్లిష్‌లో ఒక ముక్క వినడం, ఆపడం, అదే స్వరంలో అనడం, మళ్లీ వినడం, ఇలా చేయండి, మాటల మీద కన్నా వాటి రాగం మీద దృష్టి పెట్టి.

7. ఆటస్థలంలో మొదలుపెట్టండి

ఇంగ్లిష్‌లో ధైర్యం చెప్పడం సాధన చేయడానికి పిల్లల ఆటలకి మించిన చోటు లేదు. అందరూ అరుస్తుంటారు, మీ గ్రామర్ ఎవరూ చూడరు, ప్రతి నిమిషానికీ ఒక అవకాశం వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లయితే శనివారం సాకర్ గ్రౌండ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు మిగతా తల్లిదండ్రులు ఏం అరుస్తున్నారో వినండి. బంతి గోల్‌కి పక్కనుంచి పోతే “నైస్ ట్రై!” లేదా “గుడ్ ట్రై!”. బంతి కోసం పిల్లాడు పరుగెత్తి అందుకోలేకపోతే “గుడ్ హజిల్!”, పరుగుని మెచ్చుకుంటున్నారన్నమాట. పడి లేస్తే “షేక్ ఇట్ ఆఫ్!”, దులిపేసుకో అని. బేస్‌బాల్‌లో ఒక తమాషా మాట ఉంది, బ్యాటర్ చెడ్డ బంతిని కొట్టకుండా వదిలేస్తే “గుడ్ ఐ!” అంటారు, బాగా చూశావు అని. మనవాళ్లు “కొట్టలేదు కదా, దీనికి చప్పట్లేంటి?” అని తెల్లమొహం వేస్తారు. క్రికెట్‌లో “వెల్ లెఫ్ట్” అనడం గుర్తు తెచ్చుకుంటే వెంటనే అర్థమైపోతుంది, ఆఫ్ స్టంప్ బయట పోయే బంతిని వదిలేయడం కూడా ఆటే.

ఇక్కడే ఉన్నవాళ్లకి క్రికెట్ ఉండనే ఉంది. “షాట్!” ఒక్క మాట చాలు మంచి డ్రైవ్‌కి. “వెల్ బౌల్డ్”, “వెల్ ప్లేయ్డ్”, అవుటై వచ్చేవాడికి “హార్డ్ లక్”. ఇంగ్లిష్ కామెంటరీ పెట్టుకుని ఒక గంట చూస్తూ, కామెంటేటర్ మెచ్చుకున్న ప్రతిసారీ ఆ మాట నోట్‌బుక్‌లో రాయండి. ఒకటే మాట ఎన్నిసార్లు తిరిగి తిరిగి వస్తుందో చూస్తే వంద వాక్యాల జాబితా గురించి నేను పైన అన్నది నమ్ముతారు.

ఒక హెచ్చరిక. ఆటలో “నైస్ ట్రై” వేరు, ఆఫీసులో “నైస్ ట్రై” వేరు. ఆఫీసులో అంటే “నన్ను బోల్తా కొట్టిద్దామనుకున్నావా” అని అర్థం వచ్చే అవకాశం ఉంది.

8. మిమ్మల్ని మెచ్చుకుంటే ఏమనాలి

దీన్ని త్వరగా ముగిద్దాం. మనకి “అబ్బే, ఇందులో ఏముందండీ” అనడం అలవాటు, దాన్ని “నో నో, నథింగ్” అని ఇంగ్లిష్‌లోకి మార్చేస్తే మెచ్చుకున్నవాళ్ల మాట కొట్టేసినట్టు ఉంటుంది. “థాంక్యూ, దట్ మీన్స్ ఎ లాట్” అంటే సరి. టీమ్ పని అయితే “ఐ కుడంట్ హావ్ డన్ ఇట్ వితవుట్” అని పక్కవాళ్ల పేరు చేర్చండి, ఒకే వాక్యంలో పుచ్చుకోవడం, ఇంకొకరిని మెచ్చుకోవడం రెండూ అయిపోతాయి.

తరచూ జరిగే తప్పులు

“ఈవెన్ యూ కెన్ డూ ఇట్.” అన్నిటికన్నా ప్రమాదం ఇదే, అందుకే మొదట పెట్టాను. “నువ్వు కూడా చేయగలవు” అని మనసులో అనుకుని “కూడా”కి “ఈవెన్” వేస్తాం. వినేవాళ్లకి “నీలాంటివాడు సైతం చేయగలడు, అంత సులువు” అని చేరుతుంది. ప్రోత్సహిద్దామని వెళ్లి అవమానించి వస్తారు. “యూ కెన్ డూ ఇట్ టూ” అనండి, లేదా “టూ” కూడా వదిలేయండి.

“యూ వర్క్డ్ హార్డ్లీ.” కష్టపడ్డావు అనబోయి అసలు పనే చేయలేదన్నట్టు చేస్తుంది ఆ “లీ”. “యూ వర్క్డ్ హార్డ్”తో ఆపేయాలి.

“యూ డిడ్ ఎ గ్రేట్ వర్క్.” ఇది చదువుకున్నవాళ్ల మెయిళ్లలో కూడా కనిపిస్తుంది. “జాబ్” ముందు “ఎ” రావాలి, “వర్క్” ముందు రాకూడదు. “యూ డిడ్ ఎ గ్రేట్ జాబ్.” “యూ డిడ్ గ్రేట్ వర్క్.” రెండూ పక్కపక్కన పదిసార్లు పలికితే నాలుకే గుర్తుపెట్టుకుంటుంది.

“కంగ్రాట్స్ ఫర్ యువర్ ప్రమోషన్.” “ఫర్” తీసేసి “ఆన్” పెట్టండి.

“ఫైనల్లీ యూ డిడ్ ఇట్!” మీకు సంతోషమే, వాళ్లకి “ఇన్నాళ్లకా?” అని వినిపిస్తుంది. “యూ డిడ్ ఇట్!” చాలు.

“డోంట్ టేక్ టెన్షన్.” మన మధ్య అందరికీ అర్థమవుతుంది, నేనూ అంటాను. విదేశీ క్లయింట్‌తో అయితే “డోంట్ స్ట్రెస్ అబౌట్ ఇట్” అనండి.

“ఐ అప్రిషియేట్ యూ ఫర్ గెటింగ్ ఫస్ట్ ర్యాంక్.” మన దగ్గర అభినందిస్తున్నాను అనే అర్థంలో వాడేస్తాం. బయట “అప్రిషియేట్” ఎక్కువగా కృతజ్ఞతకి, “ఐ అప్రిషియేట్ యువర్ హెల్ప్” అన్నట్టు. ర్యాంకుకి “కంగ్రాచులేషన్స్ ఆన్” సరిపోతుంది.

“దట్స్ క్వైట్ గుడ్.” ఇందులో గ్రామర్ తప్పు లేదు, కానీ అమెరికన్‌కి “చాలా బాగుంది” అని, బ్రిటిషర్‌కి చాలాసార్లు “పర్లేదు” అని చేరుతుంది. అనుమానంగా ఉన్నప్పుడు “రియల్లీ గుడ్” అనేయండి.

“యూ లాస్ట్ వెయిట్!” ఒళ్లు, రంగు, వయసు జోలికి వెళ్లకండి. సన్నబడటం జబ్బు వల్ల కూడా కావచ్చు. “ఐ లైక్ యువర్ సారీ” అంటే చీర నచ్చిందని, గొడవ లేదు.

ఇంకో తప్పు మాటల్లో ఉండదు, లెక్కలో ఉంటుంది. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ఒకే మీటింగ్‌లో అందరికీ “ఆసమ్, అమేజింగ్” పంచేస్తారు కొందరు. ఫైలు అటాచ్ చేసినందుకు కూడా “అమేజింగ్” అంటే, నిజంగా అద్భుతం జరిగిన రోజు అనడానికి మీ దగ్గర ఏం మిగులుతుంది?

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

మొదటి పరీక్ష. మీరు మెచ్చుకున్నాక అవతలి మనిషి ఏం చేశారు? “థాంక్స్” అని వెళ్లిపోతే మాట అందింది గానీ తగల్లేదు. “అవునా, అది చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది తెలుసా” అని ఆ పని గురించి మాట్లాడటం మొదలుపెట్టారంటే సరిగ్గా తగిలింది. ఇలా రాకపోతే మూడో స్టెప్‌కి వెళ్లండి, మీరు ఏది నచ్చిందో చెప్పలేదన్నమాట.

రెండోది చాట్‌లో. టీమ్స్, స్లాక్, వాట్సాప్ ఏదైనా సరే, సెర్చ్‌లో “సూపర్” అనీ “గుడ్ జాబ్” అనీ వెతికి మీరు పంపినవి చూడండి. ఆ మెసేజ్‌లో తర్వాతి వాక్యం ఉందా, అక్కడితో ఆగిందా? రెండు వారాల సాధన తర్వాత మళ్లీ వెతకండి. మాటలు మారకపోయినా ఫర్వాలేదు, రెండో వాక్యం వచ్చి చేరి ఉండాలి.

మూడోది రికార్డింగ్‌తో. మొదటి రోజుది, ఇవాళ్టిది పక్కపక్కన వినండి, కళ్లు మూసుకుని. మాట్లాడుతున్న మనిషి సంతోషంగా ఉన్నట్టు ఉందా, పాఠం అప్పజెప్తున్నట్టు ఉందా? మీకు తేల్చుకోవడం కష్టమైతే ఇంట్లో టీనేజీ పిల్లలకి వినిపించండి, మొహమాటం లేకుండా చెప్తారు.

మాట్లాడటానికి ఇంగ్లిష్ మనుషులే దొరకని ఊళ్లో ఉంటే, ఇదే నేర్చుకుంటున్న ఫ్రెండ్ ఒకరితో ఒప్పందం పెట్టుకోండి, రోజూ వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్, పదిహేను సెకన్లు, ఆ రోజు నిజంగా జరిగిన ఒక పని మీద ఒక మెచ్చుకోలు. ఎవరూ దొరకకపోతే టీవీలో మ్యాచ్ చూస్తూ ఆటగాళ్లకే చెప్పండి. ఫోన్‌లో మన గొంతు మనకే వినబుద్ధి కానివాళ్లకి కూడా ఇది సాగుతుంది, ఎందుకంటే వికెట్ పడినప్పుడు స్వరం గురించి ఎవరూ ఆలోచించరు.